చాట్‌జీపీటీని అడిగితే మీ కంపెనీ పేరు చెబుతోందా? పోటీ కంపెనీ పేరా? పటాన్‌చెరు బెల్ట్ యూనిట్లు తెలుసుకోవాల్సిన లెక్క ఇదే

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం, బొంతపల్లి.. ఈ బెల్ట్‌లో ఉన్న ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ యూనిట్‌కి ఆర్డర్ ఎలా వస్తుంది? ఒకప్పుడు తెలిసినవాళ్ల మాట మీద వచ్చేది. ఎగ్జిబిషన్‌లో ఇచ్చిన విజిటింగ్ కార్డు మీద వచ్చేది. తర్వాత గూగుల్, ఇండియామార్ట్ వచ్చాయి. ఇప్పుడు ఆ వరుసలోకి ఇంకొకటి చేరింది. ఏదైనా ఫార్మా కంపెనీలో పర్చేజ్ చూసే ఉద్యోగి చాట్‌జీపీటీనో, జెమినీనో తెరిచి ఇలా టైప్ చేస్తాడు: "హైదరాబాద్ దగ్గర 5 కిలోలీటర్ల ఎస్ఎస్ 316 రియాక్టర్ తయారుచేసే కంపెనీలు చెప్పు."

జవాబుగా నాలుగైదు పేర్లు వస్తాయి. వాటికే ఎంక్వైరీ వెళ్తుంది, కొటేషన్ అడుగుతారు. ఆ పేర్లలో లేని యూనిట్‌కి, అసలు అలాంటి ఎంక్వైరీ ఒకటి ఉందన్న విషయం కూడా తెలియదు.

గూగుల్ రోజుల్లో కనీసం రెండో పేజీలో ఉన్నామని తెలిసేది. ఇక్కడ రెండో పేజీ అనేదే లేదు. అందుకే ఏఐ జవాబుల్లో మన వెబ్‌సైట్ ఎంతవరకు కనిపిస్తోంది, పోటీ కంపెనీలు ఎంతవరకు కనిపిస్తున్నాయి అని పోల్చి చూసుకోవడం ఇప్పుడు అవసరంగా మారింది. ఈ పని చేసిపెడతామంటూ ఏజెన్సీలు కూడా బయల్దేరాయి. అసలు ఈ పోలిక ఎలా చేస్తారు? ఎక్కడ పొరపడతారు? మన ప్రాంతానికి ఉన్న ప్రత్యేక చిక్కులేంటి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఇంత త్వరగా ఎందుకు మారింది?

చాట్‌జీపీటీ 2022 నవంబర్ 30న జనంలోకి వచ్చింది. 2024 అక్టోబర్ చివర్లో దానికి వెబ్ సెర్చ్ జోడించారు. గూగుల్ తన సెర్చ్ రిజల్ట్స్ పైన ఏఐ జవాబు చూపించే 'ఏఐ ఓవర్‌వ్యూస్'ను 2024 మేలో అమెరికాలో మొదలుపెట్టి, అదే ఏడాది ఆగస్టులో ఇండియాకు తెచ్చింది. 2025లో 'ఏఐ మోడ్' కూడా వచ్చేసింది.

మన దేశంలో దీనికి ఫ్రీ ఆఫర్లు తోడయ్యాయి. 2025 జూలైలో ఎయిర్‌టెల్ తన 36 కోట్ల కస్టమర్లకు పర్‌ప్లెక్సిటీ ప్రో ఏడాది పాటు ఉచితం అంది. అక్టోబర్ చివర్లో జియో యూజర్లకు జెమినీ ప్రో ప్లాన్ ఫ్రీగా ఇస్తున్నట్లు ప్రకటన వచ్చింది. నవంబర్ 4 నుంచి చాట్‌జీపీటీ గోను కూడా ఇండియాలో ఏడాది పాటు ఫ్రీగా ఇవ్వడం మొదలుపెట్టారు. అంటే మొన్నటిదాకా కొందరికే అందుబాటులో ఉన్న టూల్స్, ఇప్పుడు స్టోర్ ఇన్‌చార్జ్ నుంచి ఎండీ దాకా అందరి ఫోన్లలోకి వచ్చేశాయి.

ఇంకో లెక్క కూడా చూడాలి. అమెరికాలో ప్యూ రీసెర్చ్ సెంటర్ 2025 మార్చి నెల డేటాను పరిశీలించింది. గూగుల్‌లో ఏఐ సమ్మరీ కనిపించిన సందర్భాల్లో, మామూలు లింకుల మీద క్లిక్ చేసింది 8 శాతం. సమ్మరీ లేనప్పుడు అది 15 శాతం. సమ్మరీ లోపల ఇచ్చిన లింకు మీద క్లిక్ చేసింది 1 శాతం మాత్రమే. అది అమెరికా లెక్కే అయినా విషయం అర్థమవుతుంది. జనం జవాబు చదివి అక్కడే ఆగిపోతున్నారు. కాబట్టి 'మా సైట్‌కి ఎంతమంది వచ్చారు' అన్న లెక్క ఒక్కటే చూస్తే సరిపోదు. 'జవాబులో మా పేరు ఉందా' అన్నది కూడా చూడాలి.

కోర్టు దాకా వెళ్లిన కేసు

ఇదంతా పెద్ద కంపెనీల గొడవ, మనకెందుకు అనుకుంటే పొరపాటే. 2025 డిసెంబరులో కలకత్తా హైకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. వేసింది ఇండియామార్ట్, ఓపెన్ఏఐ మీద. చాట్‌జీపీటీ జవాబుల్లో తమ లిస్టింగులను పక్కన పెట్టేస్తున్నారని, పోటీ ప్లాట్‌ఫామ్‌లను మాత్రం చూపిస్తున్నారని ఇండియామార్ట్ ఆరోపణ. అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయం ఇచ్చే ఒక రిపోర్టులో తమ పేరు ఉందన్న కారణంతో ఇలా చేస్తున్నారని, అదే రిపోర్టులో ఉన్న వేరే కంపెనీలకు మాత్రం ఈ అడ్డు లేదని వాదించింది. ప్రాథమికంగా చూస్తే ఇండియామార్ట్ వాదనలో బలం ఉందని కోర్టు అభిప్రాయపడింది. అయితే అవతలి పక్షం మాట వినకుండా మధ్యంతర ఉత్తర్వులు ఇస్తే తుది తీర్పు ఇచ్చినట్టే అవుతుందంటూ ఆ దశలో ఆదేశాలు ఇవ్వలేదు.

కేసులో ఎవరిది న్యాయం అన్నది కోర్టు తేల్చాల్సిన విషయం. కానీ మన బెల్ట్‌కి ఇందులో ఒక పాఠం ఉంది. చాలా చిన్న యూనిట్లకు సొంత వెబ్‌సైట్ ఉండదు, ఉన్నా పేరుకే. ఇంటర్నెట్‌లో వాళ్ల ఉనికి అంతా ఒక బీ2బీ లిస్టింగ్ పేజీయే. ఏదైనా ఏఐ టూల్ ఆ ప్లాట్‌ఫామ్‌ను ఏ కారణంతోనైనా పక్కన పెడితే, దాని మీద ఆధారపడిన యూనిట్లు కూడా దాంతోపాటే మాయమవుతాయి. అద్దె ఇంట్లో ఉన్నవాడికి ఓనర్ గొడవతో కరెంటు పోయినట్టు!

ఏఐ జవాబు ఎక్కడి నుంచి వస్తుంది?

పోల్చే ముందు ఇది తెలియాలి. ఏఐ టూల్ జవాబు రెండు దారుల్లో తయారవుతుంది.

మొదటిది జ్ఞాపకం. ట్రైనింగ్ సమయంలో చదివిన కోట్లాది పేజీల్లో ఒక పేరు ఎన్నిసార్లు, ఏ సందర్భంలో వచ్చింది అన్నదాన్ని బట్టి మోడల్‌కి ఆ పేరు 'తెలుస్తుంది'. రెండోది అప్పటికప్పుడు వెతకడం. ప్రశ్న రాగానే టూల్ వెబ్‌లో సెర్చ్ చేసి, కొన్ని పేజీలు తెరిచి, వాటిలోంచి పనికొచ్చే ముక్కలు తీసి జవాబు రాస్తుంది. లింకులు ఇచ్చేది ఈ దారిలోనే. గూగుల్ ఏఐ మోడ్ అయితే మీరు అడిగిన ఒక్క ప్రశ్నను చాలా చిన్న ప్రశ్నలుగా విడగొట్టి ఒకేసారి వెతుకుతుంది. 'రియాక్టర్ తయారీదారులు' అని అడిగితే కెపాసిటీ, మెటీరియల్ గ్రేడ్, సర్టిఫికెట్లు, లొకేషన్.. ఇలా విడివిడిగా చూసుకుంటుంది అన్నమాట.

మన కళ్ల ముందున్న ఉదాహరణ ఇక్రిశాట్. 1972లో పటాన్‌చెరులో పెట్టిన ఈ అంతర్జాతీయ సంస్థ జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ మీద యాభై ఏళ్లుగా పరిశోధన పత్రాలు ప్రచురిస్తోంది. వాటిలో చాలావరకు ఎవరైనా ఫ్రీగా చదవొచ్చు. ప్రపంచం నలుమూలల శాస్త్రవేత్తలు, ప్రభుత్వాలు, పత్రికలు దాని గురించి రాస్తూనే ఉంటాయి. అలాంటి సంస్థ పేరు ఏఐకి జ్ఞాపకంలోనూ ఉంటుంది, వెతికినా దొరుకుతుంది. అదే రోడ్డుకు ఇటువైపు ఇండస్ట్రియల్ ఏరియాలో పాతికేళ్లుగా నాణ్యమైన పనిచేస్తున్న యూనిట్ ఉందనుకోండి. దాని వివరాలన్నీ ఒక జేపీజీ బ్రోచర్‌లోనో, వాట్సాప్ క్యాటలాగ్‌లోనో ఉంటే ఏఐకి అవి కనపడవు. పని బాగా చేయడం వేరు, ఆ పని గురించి చదవగలిగే అక్షరాల్లో రాసి ఉండటం వేరు.

పోలిక ఎలా చేయాలి? స్టెప్ బై స్టెప్

దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ తప్పనిసరి కాదు. ఒక ఎక్సెల్ షీట్, రెండు రోజుల ఓపిక చాలు.

1. ప్రశ్నలు రాసుకోండి. కనీసం 20. మీ కంపెనీ పేరు వాటిలో ఉండకూడదు. కొనేవాళ్లు ఎలా అడుగుతారో అలాగే రాయాలి. మీ మార్కెటింగ్ మనిషి ఊహించినవి కాకుండా, గత ఏడాది మీకు వచ్చిన ఎంక్వైరీ మెయిల్స్, వాట్సాప్ మెసేజ్‌లు తీసి చూస్తే అసలు ప్రశ్నలు అక్కడే దొరుకుతాయి.

2. టూల్స్ ఎంచుకోండి. చాట్‌జీపీటీ, జెమినీ, పర్‌ప్లెక్సిటీ, గూగుల్ ఏఐ మోడ్.. ఈ నాలుగూ మొదట చాలు.

3. ఒక్కో ప్రశ్నను ఒక్కో టూల్‌లో కనీసం మూడుసార్లు, ప్రతిసారీ కొత్త చాట్‌లో అడగండి. ఒకే ప్రశ్నకు ఏఐ ప్రతిసారీ ఒకే జవాబు ఇవ్వదు. పొద్దున వచ్చిన పేరు మధ్యాహ్నం రాకపోవచ్చు. ఒక్కసారి అడిగి స్క్రీన్‌షాట్ తీసి సంబరపడటం, కంగారుపడటం రెండూ తప్పే.

4. మీ సొంత అకౌంట్‌తో అడగొద్దు. మీరు రోజూ మీ కంపెనీ లెటర్లు, కొటేషన్లు దాంతోనే రాయిస్తుంటే, మెమరీ ఆన్‌లో ఉంటే, అది మీకు నచ్చేలా మీ పేరు ముందు పెట్టే అవకాశం ఉంది. లాగౌట్ అయ్యి గానీ, టెంపరరీ చాట్‌లో గానీ అడగాలి.

5. ప్రతి జవాబుకూ నాలుగు విషయాలు నోట్ చేయండి. పేరు వచ్చిందా? ఎన్నో స్థానంలో? మీ సైట్ లింక్ ఇచ్చిందా, లేక వేరేవాళ్ల పేజీ లింక్ ఇచ్చిందా? చెప్పిన వివరం నిజమేనా?

6. మీతో పోటీపడే మూడు నాలుగు కంపెనీలకూ ఇదే లెక్క రాయండి. పోటీదారులంటే మీరు అనుకునేవాళ్లే కాకపోవచ్చు. జీడిమెట్ల, చర్లపల్లిలో ఉన్నవాళ్లను మీరు లెక్కలో పెట్టుకుంటే, ఏఐ మాత్రం గుజరాత్ కంపెనీలను చూపిస్తుండవచ్చు. అది కూడా ఒక సమాచారమే.

లెక్క వేసి చూద్దాం

ఇది అర్థం కావడానికి వేసుకున్న ఊహా లెక్క మాత్రమే. 20 ప్రశ్నలు, 4 టూల్స్, 3 సార్లు. మొత్తం 240 జవాబులు. మీ పేరు 36 జవాబుల్లో వచ్చింది. అంటే 15 శాతం. పోటీ కంపెనీ పేరు 96 జవాబుల్లో వచ్చింది. అంటే 40 శాతం.

చాలా రిపోర్టులు ఇక్కడితో ఆగిపోతాయి. 'మీరు వెనకబడ్డారు, మా ప్యాకేజీ తీసుకోండి' అంటారు. కానీ అసలు విషయం ఆ సగటు వెనకాల ఉంటుంది. ఆ 20 ప్రశ్నల్లో 6 ఊరి పేరుతో ఉన్నవి అనుకుందాం. 'పటాన్‌చెరులో ఫ్యాబ్రికేటర్లు ఎవరు' లాంటివి. వాటికి 72 జవాబులు. అందులో మీ పేరు 30 సార్లు, పోటీ కంపెనీ పేరు 26 సార్లు వచ్చింది. అంటే ఇక్కడ మీరే ముందున్నారు!

మిగతా 14 ప్రశ్నలు పని గురించి. 'జీఎంపీ ప్రమాణాలకు సరిపోయే రియాక్టర్ ఎవరు చేస్తారు', 'ఫలానా గ్రేడ్ స్టీల్‌తో హీట్ ఎక్స్‌ఛేంజర్ కావాలి' లాంటివి. వాటికి 168 జవాబులు. అందులో మీరు 6 సార్లు, పోటీ కంపెనీ 70 సార్లు.

ఇప్పుడు రోగం ఎక్కడుందో తెలిసింది. మీరు ఎక్కడ ఉంటారో ఏఐకి తెలుసు. ఏం చేస్తారో తెలియదు. దీనికి మందు 'సైట్ మొత్తం మార్చేయడం' కాదు. ఒక్కో ప్రొడక్ట్‌కి ఒక్కో పేజీ పెట్టి వివరంగా రాయడం.

ఇంకో జాగ్రత్త. వచ్చే నెల ఇవే ప్రశ్నలు అడిగితే 36 కాస్తా 41 అయిందనుకోండి. పండగ చేసుకోవద్దు. ఆ మాత్రం తేడా ఊరికే కూడా వస్తుంది. మూడు నాలుగు నెలలు వరుసగా అదే దిశలో కదిలితే అప్పుడు నమ్మొచ్చు. మీతో పాటు పోటీదారుల లెక్క కూడా ఒక్కసారిగా మారితే, అది మీ ఘనత కాదు, టూల్‌లోనే ఏదో మారిందని అర్థం. పోటీదారులతో పోల్చమని చెప్పేది ఇందుకే. ఒంటరి నంబర్ ఏమీ చెప్పదు.

మన బెల్ట్‌కి ఉన్న ప్రత్యేక చిక్కులు

మొదటిది అడ్రస్. సంగారెడ్డి జిల్లా 2016 అక్టోబర్ 11న మెదక్ నుంచి విడిపోయి ఏర్పడింది. కానీ చాలా కంపెనీల సైట్లు, లెటర్‌హెడ్లు, పాత డైరెక్టరీల్లో ఇంకా 'మెదక్ జిల్లా' అనే ఉంటుంది. కొన్నిచోట్ల ఆంధ్రప్రదేశ్ అని కూడా కనిపిస్తుంది. ఎద్దుమైలారంలోని ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ సంగారెడ్డి జిల్లాలోనే ఉన్నా పేరులో మాత్రం మెదక్ ఉంది. పెద్ద సంస్థకు దాంతో ఇబ్బంది లేదు. చిన్న యూనిట్‌కి ఉంది. ఒకే కంపెనీ మూడు రకాల అడ్రస్‌లతో కనిపిస్తే, అవన్నీ ఒకరివేనా కాదా అని టూల్ తికమకపడుతుంది.

రెండోది స్పెల్లింగ్. ఇంగ్లీషులో పటాన్‌చెరు, పాశమైలారం, ఇస్నాపూర్, గుమ్మడిదల పేర్లను ఎవరికి తోచినట్టు వాళ్లు రాస్తారు. జీఎస్టీ సర్టిఫికెట్‌లో ఒకటి, గూగుల్ మ్యాప్స్‌లో ఒకటి, సైట్‌లో ఇంకొకటి. ఏదో ఒకటి ఖాయం చేసుకుని అన్నిచోట్లా అదే వాడితే సగం గందరగోళం పోతుంది. ప్లాట్ నంబర్, ఫేజ్ నంబర్ కూడా అంతే.

మూడోది కాస్త బరువైన విషయం. ఈ ప్రాంతం గురించి ఇంటర్నెట్‌లో ఎక్కువగా ఏం రాసి ఉంది? 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి ఫ్యాక్టరీలో జరిగిన పేలుడులో 50 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. దేశమంతా ఆ వార్త రాసింది. అంతకుముందు 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని ప్రచురించారు. ప్రపంచవ్యాప్తంగా ఆ పత్రాన్ని ఇప్పటికీ ఉదహరిస్తారు. కాబట్టి పాశమైలారం, పటాన్‌చెరు అని అడిగితే ఏఐ జవాబుల్లో ఈ విషయాలు రావడం సహజం.

కొందరు కన్సల్టెంట్లు దీన్ని 'నెగెటివ్ కంటెంట్' అంటారు. దాన్ని కిందకి తోసేస్తామంటారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆ ఫ్యాక్టరీల్లో పనికి వచ్చే కార్మికుడు, అతని కుటుంబం, ఆ నీళ్లతో బతికే ఊరు.. వాళ్లకు ఆ సమాచారం కావాలి. దాన్ని కనపడకుండా చేయడం విజిబిలిటీ పెంచుకోవడం కాదు, దాచిపెట్టడం. నిజంగా భద్రతకు ఖర్చు పెడుతున్న కంపెనీ చేయాల్సింది వేరే ఉంది. ఏ రసాయనాలు వాడుతున్నారు, ఎన్వోసీలు ఏమున్నాయి, సేఫ్టీ ఆడిట్ చివరిసారి ఎప్పుడు జరిగింది, వ్యర్థజలాలు ఎక్కడికి పోతున్నాయి అన్నది సొంత సైట్‌లో తేదీలతో సహా రాయాలి. అడిగినవాళ్లకు ఏఐ చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. రాసింది ఏమీ లేకపోతే పక్క ఫ్యాక్టరీ కథే మీ కథ అయిపోయే ప్రమాదం ఉంది. ఒకే ఏరియా, దగ్గరి పేర్లు ఉన్నప్పుడు ఏఐ రెండు కంపెనీలను కలిపేసి చెప్పొచ్చు. పోలికలో 'చెప్పింది నిజమేనా' అన్న కాలమ్ పెట్టమన్నది అందుకే. పేరు రాకపోవడం కంటే తప్పుడు సమాచారంతో పేరు రావడం ఎక్కువ నష్టం.

కనిపించాలంటే ఏం చేయాలి?

2023 నవంబర్‌లో ప్రిన్స్‌టన్, ఐఐటీ ఢిల్లీ తదితర సంస్థల పరిశోధకులు దీని మీద ఒక పత్రం విడుదల చేశారు. ఏఐ జవాబుల్లో ఒక వెబ్ పేజీ ఎంత కనిపిస్తుందో కొలిచి, ఏ మార్పులు చేస్తే పెరుగుతుందో పరీక్షించారు. పేజీలో కచ్చితమైన గణాంకాలు, నమ్మదగిన ఆధారాలు, నిపుణుల మాటలు చేర్చినప్పుడు కనిపించే స్థాయి 40 శాతం వరకు పెరిగిందని తేలింది. అవే పదాలను పదేపదే కుక్కడం వల్ల ఉపయోగం కనిపించలేదు. సెర్చ్‌లో కిందున్న సైట్లకు ఈ మార్పులు ఎక్కువగా కలిసొచ్చాయి. చిన్న యూనిట్లకు ఇది మంచి కబురే.

మన బెల్ట్ భాషలో చెప్పాలంటే, 'నాణ్యతకు మారుపేరు', 'కస్టమర్ సంతృప్తే మా లక్ష్యం' అన్న మాటల వల్ల ఏఐకి ఒరిగేదేమీ లేదు. 'ఇంత కెపాసిటీ నుంచి ఇంత వరకు, ఈ గ్రేడ్ స్టీల్, ఇంత ప్రెజర్ వరకు టెస్ట్ చేస్తాం, డెలివరీకి ఇన్ని వారాలు' అని రాస్తే దానికి జవాబులో పెట్టుకోవడానికి సరుకు దొరుకుతుంది.

సైట్ చూసే మనిషితో మాట్లాడాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి:

- వివరాలు ఫోటోల్లో కాకుండా అక్షరాల్లో ఉన్నాయా? పేజీలో సమాచారం అంతా జావాస్క్రిప్ట్‌తో లోడ్ అవుతుంటే చాలా ఏఐ క్రాలర్లకు ఖాళీ పేజీయే కనిపిస్తుంది.

- సైట్ తలుపు మూసి ఉందా? రోబోట్స్ ఫైల్‌లో ఎవరిని రానిస్తున్నారో చూడాలి. ఓపెన్ఏఐకి జీపీటీబాట్, ఓఏఐ-సెర్చ్‌బాట్ అని వేర్వేరు క్రాలర్లు ఉన్నాయి. మొదటిది ట్రైనింగ్ కోసం, రెండోది సెర్చ్ జవాబుల కోసం. ట్రైనింగ్‌కి ఇవ్వడం ఇష్టం లేకపోతే మొదటిదాన్ని ఆపి, రెండోదాన్ని రానివ్వొచ్చు.

- క్లౌడ్‌ఫ్లేర్ వాడుతున్నారా? 2025 జూలై నుంచి కొత్తగా చేరే సైట్లకు ఏఐ క్రాలర్లను డిఫాల్ట్‌గానే అడ్డుకుంటామని ఆ సంస్థ ప్రకటించింది. ఓనర్‌కు తెలియకుండానే తలుపు మూసి ఉండొచ్చు.

- మీ గురించి ఇంకెవరైనా రాశారా? ఇండస్ట్రీ అసోసియేషన్ సభ్యుల జాబితా, ఎగ్జిబిషన్ క్యాటలాగ్, కస్టమర్ కేస్ స్టడీ, ట్రేడ్ పత్రిక వార్త.. ఇవి సొంత డబ్బా కంటే ఎక్కువ పనిచేస్తాయి. పోటీ కంపెనీకి ఏఐ ఇచ్చిన లింకులు చూస్తే, వాళ్ల గురించి ఎవరు రాస్తున్నారో తెలిసిపోతుంది. ఈ పోలికలో అన్నింటికంటే పనికొచ్చే భాగం అదే.

ఆర్డర్లు వస్తున్నాయో లేదో ఎలా తెలుస్తుంది?

చాట్‌జీపీటీ లింక్ మీద క్లిక్ చేసి వచ్చినవాళ్లు గూగుల్ అనలిటిక్స్‌లో ఆ పేరుతోనే విడిగా కనిపిస్తారు. గూగుల్ ఏఐ ఓవర్‌వ్యూస్ నుంచి వచ్చినవి మాత్రం మామూలు గూగుల్ సెర్చ్ లెక్కలోనే కలిసిపోతాయి. జవాబులో పేరు చూసి నేరుగా ఫోన్ చేసేవాళ్లయితే ఏ లెక్కలోకీ రారు. అందుకే పాత పద్ధతే మేలు. ఎంక్వైరీ వచ్చినప్పుడల్లా 'మా గురించి ఎక్కడ తెలిసింది సర్?' అని అడిగి రిజిస్టర్‌లో రాసుకోవాలి. ఏ సాఫ్ట్‌వేర్ రిపోర్ట్ అయినా ఆ రిజిస్టర్‌తో సరిపోలకపోతే రిజిస్టర్‌నే నమ్మండి.

ఈ మాటలు వింటే జాగ్రత్త

'నెల రోజుల్లో చాట్‌జీపీటీలో నంబర్ వన్ చేస్తాం' అని ఎవరైనా గ్యారంటీ ఇస్తే నమ్మొద్దు. ఒకే ప్రశ్నకు ప్రతిసారీ జవాబు మారే చోట నంబర్ వన్ అన్నదే ఉండదు. 'మీ విజిబిలిటీ స్కోర్ 62' అని రిపోర్ట్ ఇస్తే, ఏ ప్రశ్నలు అడిగారు, ఎన్నిసార్లు అడిగారు, ఏ తేదీన, ఏ టూల్‌లో అన్నది చూపించమనండి. అవి చూపించలేకపోతే ఆ స్కోర్‌కి విలువ లేదు. ప్రశ్నల్లోనే మీ కంపెనీ పేరు పెట్టి స్కోర్ పెంచి చూపించారేమో కూడా గమనించండి. దొంగ రివ్యూలు, కంటికి కనపడని అక్షరాల్లో ఏఐకి ఆదేశాలు రాయడం లాంటి ట్రిక్కులు చేస్తామంటే మాత్రం దండం పెట్టి పంపేయడమే మంచిది. దొరికితే పోయేది మీ పేరే.

తెలుగులో అడిగితే..?

కొనేవాళ్లు ఎక్కువగా ఇంగ్లీషులో అడుగుతారు, నిజమే. కానీ 'పాశమైలారంలో ఐటీఐ ఫిట్టర్ ఉద్యోగాలు ఉన్నాయా', 'ఈ కంపెనీలో పీఎఫ్ కడతారా' అని తెలుగులో అడిగేవాళ్లు కూడా ఉన్నారు. బీహార్, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు హిందీలో, ఒడియాలో అడుగుతారు. ఈ ప్రశ్నలకు తెలుగులో రాసి ఉన్న పేజీలే తక్కువ. అంటే పోటీ కూడా తక్కువే. జీతం, షిఫ్టులు, బస్సు సౌకర్యం, ఈఎస్ఐ గురించి తెలుగులో ఒక్క పేజీ పెట్టిన కంపెనీకి, మనుషులు దొరకడం లేదన్న బాధ కొంతైనా తగ్గుతుంది.

మొత్తంగా చూస్తే ఏఐ కొత్తదే కానీ, అది అడుగుతున్నది మాత్రం పాతదే. నువ్వెవరు, ఏం చేస్తావు, నీ గురించి నలుగురూ ఏమంటున్నారు? ఈ మూడింటికీ సూటిగా, నిజంగా, చదవగలిగేలా సమాధానం రాసి ఉంచిన యూనిట్ పేరే జవాబులో వచ్చే అవకాశం ఎక్కువ. ఈ శనివారం షిఫ్ట్ అయ్యాక ఒక్క గంట కూర్చుని, మీ కస్టమర్ అడిగే ఐదు ప్రశ్నలు మీరే అడిగి చూడండి. ఎవరి పేర్లు వస్తున్నాయో రాసుకోండి. పని అక్కడి నుంచే మొదలవుతుంది.